నా సంతకం పడ్డాకే విమానం లేచేది | ఎయిర్ ఫోర్స్‌లో కింద నిలబడి 39 ఏళ్లు



ముందే ఒక విషయం చెప్పేస్తాను. నేను పైలట్‌ని కాదు. ఎయిర్ ఫోర్స్‌లో 39 ఏళ్లు చేశాను అనగానే ఎదుటివాళ్ల కళ్లు పెద్దవైపోతాయి. "అయితే ఫైటర్ జెట్ నడిపారా అంకుల్?" అంటారు. లేదమ్మా, నేను కింద ఉండేవాణ్ణి అంటే ఆ కళ్లు మళ్లీ మామూలైపోతాయి. పెళ్లిచూపుల్లో మా మామగారు కూడా ఇదే అడిగారు. నేను ఇంజన్ ఫిట్టర్‌ని అని చెప్తే, "అంటే మెకానిక్కా?" అన్నారు. అవునండీ, మెకానిక్కే. మా నాన్న కూడా మెకానిక్కే.

మాది విజయనగరం దగ్గర ఒక పల్లెటూరు. అప్పటికి అన్ని పొలాలకీ కరెంటు రాలేదు, ఆయిల్ ఇంజన్లతోనే నీళ్లు తోడేవాళ్లు. ఇంజన్ ఆగిపోతే రైతు వచ్చి మా నాన్నని సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాడు. సెలవుల్లో వెనకాల నేనూ పరిగెత్తేవాణ్ణి. నా పని ఒకటే. నాన్న విప్పిన నట్లు, బోల్టులు, వాషర్లు కిరసనాయిలు గిన్నెలో వేసి, ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పడం. బిగించడం అయ్యాక గిన్నెలో ఒక్క వాషర్ మిగిలినా ఆయన ఇంజన్ స్టార్ట్ చేసేవాడు కాదు. మళ్లీ మొత్తం విప్పేవాడు. రైతు పక్కనుంచి "చిన్న వాషరే కదా, పోనీలేరా బాబూ" అని తిట్టుకునేవాడు. చీకటి పడినా సరే, నాన్న వినేవాడు కాదు.

ఇంటర్ ఎంపీసీ పాసయ్యాను. ఇంజనీరింగ్ చదివించే స్తోమత ఇంట్లో లేదు. 1981లో పేపర్లో ఎయిర్‌మెన్ సెలక్షన్ ప్రకటన చూసి, వాల్తేరులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్లాను. రాతపరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ అయ్యాయి. నాకు పద్దెనిమిదేళ్లు. నిజం చెప్పాలంటే దేశభక్తి అదీ ఏమీ తెలీదు అప్పుడు. నెల జీతం వస్తుంది, ఇంటికి మనియార్డర్ పంపొచ్చు, అంతే. దేశభక్తి అనేది లోపలికెళ్లి పని చేస్తుంటే నెమ్మదిగా వచ్చింది.

బెల్గాం పక్కన సాంబ్రాలో బేసిక్ ట్రైనింగ్. తెల్లారగట్ట లేవడం, డ్రిల్, పరుగు. హిందీ ఒక్క ముక్క రాదు. ఇన్‌స్ట్రక్టర్ "పీఛే ముడ్" అంటే పక్కవాణ్ణి చూసి తిరిగేవాణ్ణి, అందుకని అందరికంటే అర సెకను లేటు. ఆ అర సెకనుకి ఎన్ని రౌండ్లు పరిగెత్తానో లెక్కే లేదు. తర్వాత టెక్నికల్ ట్రైనింగ్ మద్రాస్ దగ్గర తాంబరంలో. అక్కడ మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. కోసి నిలబెట్టిన జెట్ ఇంజన్ చూపించి, ఇది కంప్రెసర్, ఇది కంబషన్ చాంబర్, ఇది టర్బైన్ అని చెప్తుంటే, ఇది మా నాన్న ఇంజన్‌కి పెద్దన్న అనిపించింది. గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, బయటికి తోయడం. ఆయిల్ ఇంజన్‌లో ఒకదాని తర్వాత ఒకటి జరిగేవి, ఇందులో అన్నీ ఒకేసారి, ఆగకుండా జరుగుతాయి. తేడా అంతే.

అక్కడే మా ఇన్‌స్ట్రక్టర్ ఒకాయన హర్జిందర్ సింగ్ గురించి చెప్పారు. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. మన ఎయిర్ ఫోర్స్ 1932 అక్టోబర్ 8న పుట్టింది. 1933 ఏప్రిల్ 1న మొదటి స్క్వాడ్రన్ కరాచీలో నాలుగు వాపిటీ విమానాలతో మొదలైంది. పైలట్లతో పాటు కింద పనిచేసే వాళ్లు కొద్దిమంది ఉండేవాళ్లు, వాళ్లని 'హవాయీ సిపాయీ' అనేవారు. హర్జిందర్ సింగ్ లాహోర్‌లోని మక్లాగన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి కూడా హవాయీ సిపాయీగా చేరాడు. సిపాయీ అంటే అన్నిటికంటే కింద మెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో, నిఘా కోసం చేసిన లైసాండర్ విమానాలకి బాంబులు తగిలించే ఏర్పాటు చేసిన వాళ్లలో ఆయన ఒకడు. చివరికి ఎయిర్ వైస్ మార్షల్ అయ్యాడు, కాన్పూర్‌లో మెయింటెనెన్స్ కమాండ్ మొత్తానికి అధిపతి అయ్యాడు. మన దేశంలో తయారైన మొదటి ఆవ్రో విమానం 1961లో కాన్పూర్ నుంచే ఎగిరింది, దాని వెనక ఉన్నది ఆయనే. ఆ రోజు రాత్రి బ్యారక్‌లో మేం పడుకోలేదు. అందరం ఎయిర్ వైస్ మార్షల్స్ అయిపోతామనుకున్నాం. ఒక్కడూ అవ్వలేదనుకోండి, అది వేరే సంగతి.

1983లో నన్ను మిగ్-21 స్క్వాడ్రన్‌కి వేశారు. మిగ్-21 మన దేశానికి వచ్చింది 1963లో. నేను పుట్టిందీ 1963లోనే. అందుకే మా ఇద్దరికీ కుదిరిందేమో. మొత్తం 870కి పైగా వచ్చాయి, అందులో 600కి పైగా మన హెచ్ఏఎల్‌లోనే తయారయ్యాయి. విమానం నాసిక్‌లో, ఇంజన్ కోరాపుట్‌లో. కోరాపుట్ అంటే మా విజయనగరం నుంచి కొండెక్కితే వచ్చేస్తుంది. రాజస్థాన్ ఎడారిలో నిలబడి, ఈ ఇంజన్ మా ఊరి కొండ అవతల పుట్టింది కదా అనుకుంటే ఏదో తెలీని ధైర్యం.

ఆ విమానానికి ఇంజన్ ఒక్కటే. అది ఆగితే ఇంకోటి లేదు. ఇంజన్ మార్చాలంటే విమానాన్ని నడుము దగ్గర రెండుగా విడదీయాలి. చుట్టూ బోల్టులు విప్పి, పైపులు, వైర్లు ఊడదీసి, తోక భాగాన్ని ట్రాలీ మీద వెనక్కి లాగితే అప్పుడు ఇంజన్ బయటపడుతుంది. మే నెలలో రాజస్థాన్‌లో ఈ పని చేస్తే స్పానర్ కూడా చేతిలో నిలవదు, అంత వేడి. తడి గోనెసంచి వేసుకుని దాని మీద మోకాళ్లు ఆన్చి పనిచేసేవాళ్లం. దిగేటప్పుడు గంటకి సుమారు 300 కిలోమీటర్ల స్పీడుతో నేలని తాకుతుంది. వెనక నుంచి పారాచూట్ విచ్చుకుని దాన్ని ఆపుతుంది. ఆ పారాచూట్ రన్‌వే చివర పడిపోతే, మనవాళ్లు బండేసుకుని వెళ్లి తెచ్చి, దులిపి, మడతపెట్టి మళ్లీ తోకలో పెట్టాలి. సినిమాలో ఇది చూపించరు. హీరో దిగి కూలింగ్ గ్లాసెస్ పెట్టుకోగానే సీన్ అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి విమానానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఫారం 700 అంటారు. ఇంజన్ వాడు, ఎయిర్‌ఫ్రేమ్ వాడు, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, రేడియో, ఆయుధాలవాడు, ఎవడి పని వాడు చూసి అందులో సంతకం పెట్టాలి. అందరివీ పడ్డాక పైలట్ వచ్చి చదివి, చివరికి తను సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఆయన ఇంజన్ విప్పి చూడడు కదా. నా సంతకం చూస్తాడు. అంటే ఒక ఇరవై ఐదేళ్ల కుర్రాడు, కిందటి రాత్రి నేను నిద్రపోయానో లేదో కూడా తెలీకుండా, నా సంతకం నమ్మి ఎక్కి కూర్చుంటాడు.

1986లో ఒక పొద్దున్న. ఎక్సర్‌సైజ్ జరుగుతోంది, అందరూ ఉరుకులు పరుగులు. ఒక విమానంలో ఇంధనం పైపు జాయింట్ దగ్గర తడి కనిపించింది. నేను ప్యానెల్ తెరిచి, జాయింట్ బిగించి, తుడిచి, మళ్లీ చూసి, ప్యానెల్ మూసి, పుస్తకంలో సంతకం పెట్టేశాను. పైలట్ ఎక్కాడు, ఇంజన్ స్టార్ట్ అయింది, విమానం కదిలి వెళ్లింది. నేను టూల్స్ పట్టుకుని స్టోర్‌కి వచ్చాను. అక్కడ బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం పెయింట్ చేసి ఉంటుంది. ఏది లేకపోయినా ఖాళీ కళ్ల ముందే కనిపిస్తుంది. 10 ఎంఎం స్పానర్ చోటు ఖాళీ.

లెక్క చూసి సంతకం పెట్టాలి. నేను సంతకం పెట్టి లెక్క చూశాను.

స్పానర్ ఇంజన్ పక్కన ఉండిపోతే ఏమవుతుంది? విమానం తలకిందులైనప్పుడు అది జారి కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే పైలట్ స్టిక్ లాగినా కదలదు. నా కాళ్లు నిజంగా వణికాయి. మరి చెప్పాలా? చెప్తే విమానం ఆపేస్తారు, ఎక్సర్‌సైజ్‌లో స్క్వాడ్రన్ పరువు పోతుంది, నేను అయిపోతాను. అప్పుడే కార్పోరల్ అయ్యాను, పెళ్లి కుదిరింది. చెప్పకపోతే... బహుశా స్పానర్ ఎక్కడో గడ్డిలో పడి ఉంటుందిలే, అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. అబద్ధం చెప్పను మీకు, అనుకున్నాను. అప్పుడు ఆ రైతు మాట చెవిలో వినిపించింది. "చిన్న వాషరే కదా, పోనీలేరా బాబూ."

పరిగెత్తాను. మా వారెంట్ ఆఫీసర్ తమిళాయన, భలే కోపిష్టి. "సర్, స్పానర్ లేదు" అన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు, నేరుగా ఫోన్ ఎత్తి టవర్‌కి చెప్పాడు. రన్‌వే మొదట్లో నిలబడ్డ విమానాన్ని ఆపేశారు. ఇంజన్ ఆపి, ట్రాక్టర్‌తో లాక్కొచ్చారు.

ఐదు గంటలు వెతికాం. ప్యానెళ్లన్నీ తెరిచాం, అద్దం పెట్టి, టార్చి వేసి, వేళ్లు దూర్చి. లేదు. ఎనిమిది మంది భోజనం మానేసి వెతుకుతున్నారు, ఒక్కడూ నాతో మాట్లాడటం లేదు. ఇంక తోక విడదీయాల్సిందే అనుకుంటుండగా, నా బ్యాచ్‌మేట్ ఒడియా కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి "నీ డాంగ్రీ విప్పు" అన్నాడు. డాంగ్రీ అంటే పనిలో వేసుకునే ఓవరాల్. జేబు లోపల చిరిగిపోయి ఉంది. స్పానర్ ఆ చిరుగులోంచి లైనింగ్‌లోకి జారి, కాలి మడత దగ్గర కూర్చుంది. పొద్దున్నుంచి నాతోనే తిరుగుతోంది.

నవ్వుకోండి, పర్లేదు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఏడు రోజులు ఎక్స్‌ట్రా గార్డ్ డ్యూటీ వేశారు. తప్పు నాది, వెయ్యాల్సిందే. మర్నాడు పొద్దున్న ఆ పైలట్ ఫ్లైట్ లైన్‌కి వచ్చి, నిన్న విమానం ఆపింది ఎవరు అని అడిగాడు. నేను సావధాన్‌లో నిలబడ్డాను. "నా విమానం ఇంజన్ ఇతనే చూస్తాడు" అని మా వారెంట్ ఆఫీసర్‌తో చెప్పి ఎక్కేశాడు. ఆ రాత్రి గార్డ్ డ్యూటీలో చలికి వణుకుతూ కూడా నాకు భలే సంతోషంగా ఉంది. అదేం సంతోషమో ఇప్పటికీ వివరించలేను.

ఇలాంటివి చెప్తే బాగుంటుంది. ఇంకొకటి ఉంది, అది చెప్పడం కష్టం.

1990ల మధ్యలో, నేను అప్పటికి సార్జెంట్‌ని. ఎక్కడ, ఎవరు అనేది చెప్పను. ఒక చిన్న పైలట్, కొత్తగా వచ్చినవాడు. నేను నిచ్చెన ఎక్కి అతనికి బెల్టులు బిగించాను, ఎజెక్షన్ సీటు సేఫ్టీ పిన్నులు తీసి, లెక్కపెట్టి చూపించాను. "సార్జెంట్ సాబ్, మీ చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువ" అన్నాడు. వచ్చాక తక్కువ వేస్తాను సర్ అన్నాను. వెళ్లాడు. దిగే టైం దాటింది. పది నిమిషాలు. ఇరవై. ఫ్లైట్ లైన్‌లో ఎవరూ వాచీ చూడరు అప్పుడు, కానీ టైం ఎంతైందో అందరికీ తెలుసు. తర్వాత జీపు వచ్చింది. మొదట చేసిన పని ఏమిటో తెలుసా? ఆ విమానం ఫారం 700 తీసుకుని సీలు వేసేశారు. అందులో నా సంతకం ఉంది.

మూడు నెలలు ఎంక్వయిరీ. నన్ను పిలిచారు, అడిగారు, నేను చేసింది చేసినట్టు చెప్పాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ప్రతి రాత్రీ ఆ పొద్దున్న మొత్తాన్ని మళ్లీ మొదట్నుంచి చేసేవాణ్ణి. ఆయిల్ చూశానా? చూశాను. జెట్ పైపులో టార్చి వేశానా? వేశాను. ఆ క్లిప్ లాక్ అయిందా? అయింది... అయిందా? మా ఆవిడ లేచి చూస్తే నేను చీకట్లో కూర్చుని గాల్లో చేతులు తిప్పుతూ ఉండేవాణ్ణి, బోల్టులు బిగిస్తున్నట్టు. చివరికి తేలింది పక్షి అని. టేకాఫ్ అయిన కాసేపటికే పక్షి ఇంజన్‌లోకి వెళ్లింది, బ్లేడ్లు విరిగాయి, బయటికి దూకేంత ఎత్తు లేదు. నా తప్పు లేదని కాగితం మీద వచ్చింది. ఆ కాగితం వచ్చిన రోజు హ్యాంగర్ వెనక్కి వెళ్లి ఏడ్చాను.

దానికంటే ముందు, అతని తండ్రి వచ్చారు స్క్వాడ్రన్‌కి. మా అబ్బాయితో చివర మాట్లాడింది ఎవరో వాళ్లని చూడాలి అన్నారట. నన్ను పంపారు. చాలా పెద్దమనిషి, చేతిలో చిన్న బ్యాగు. ఎంక్వయిరీ ఇంకా నడుస్తోంది, నా సంతకమే ఆయన కొడుకుని తీసుకెళ్లిందేమో నాకే తెలీదు. ఆయన ఇంజన్ గురించి అడగలేదు. "వాడు ఏమన్నాడు చివర్లో?" అని అడిగారు. నాకు గొప్ప మాట ఏదైనా చెప్పాలనిపించింది. కానీ అబద్ధం నోటికి రాలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందన్నారు సర్ అన్నాను. ఆయన నవ్వారు. "అవును, వాడికి చక్కెర పడదు" అన్నారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

మిగ్-21ని 'ఎగిరే శవపేటిక' అని రాస్తారు, మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ప్రమాదాలు జరిగాయి, చాలామంది పోయారు, కాదనను. వాటిని అంత కాలం నడపాల్సి రావడం సరైందా అని అడిగే హక్కు ఆ పిల్లల తల్లిదండ్రులకి ఉంది. కానీ ఆ మాట విన్నప్పుడల్లా, మేం శవపేటికలకి సంతకాలు పెట్టామా అనిపిస్తుంది. ఆ విమానాన్ని తిట్టండి, కానీ కొంచెం తెలుసుకుని తిట్టండి.

1999 కార్గిల్. మే 26న మన విమానాలు దాడి మొదలుపెట్టాయి. 27న రెండు పోయాయి. స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21 తీసుకుని, కూలిన మన ఇంకో పైలట్ కోసం వెతుకుతూ వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయనకి వీరచక్ర ఇచ్చారు. నేను అప్పుడు పంజాబ్‌లో వేరే స్క్వాడ్రన్‌లో ఉన్నాను. లీవులన్నీ బంద్. హ్యాంగర్‌లోనే పడుకునేవాళ్లం, పగలు రాత్రి తేడా తెలిసేది కాదు. జూన్‌లో ఒకరోజు ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే పక్కింటి మావయ్య ఎత్తి, "నాన్న నిన్న పోయార్రా" అన్నాడు. లీవు దొరికి, రైళ్లు మారి ఊరు చేరేసరికి నాలుగో రోజు. తమ్ముడే తలకొరివి పెట్టాడు. నాన్న టూల్స్ పెట్టె తెరిచి చూశాను. స్పానర్లన్నీ సైజు ప్రకారం గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఒక్కటీ తక్కువ లేదు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు తొందరగా చెప్పేస్తాను. పదకొండు పోస్టింగులు. పిల్లలు ఆరు స్కూళ్లు మారారు. హిందీ రాని మా ఆవిడ పంజాబీ కూడా నేర్చుకుంది, ఇప్పుడు నన్ను తిట్టేది పంజాబీలోనే. జూనియర్ వారెంట్ ఆఫీసర్, వారెంట్ ఆఫీసర్, చివరికి మాస్టర్ వారెంట్ ఆఫీసర్. చేతిలో స్పానర్ తగ్గి, కుర్రాళ్లకి నేర్పడం ఎక్కువైంది. కొత్త పిల్లలు నాకంటే తెలివైనవాళ్లు, కంప్యూటర్ చూసి లోపం చెప్పేస్తారు. నేను మాత్రం ప్రతి ఒక్కడి జేబులు లోపలికి చెయ్యిపెట్టి చూసేవాణ్ణి. ఎందుకో వాళ్లకి చెప్పలేదు. ఇవాళ ఈ వీడియో చూస్తే తెలుస్తుంది.

57 ఏళ్లు నిండి 2020లో రిటైర్ అయ్యాను. కోవిడ్ టైం. ఫేర్‌వెల్ అంటే మాస్కులు పెట్టుకున్న ఆరుగురు, దూరం దూరంగా. ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో కూడా తెలీలేదు, అదీ ఒకందుకు మంచిదే.

కామెంట్లలో ఎలా చేరాలని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2022 నుంచి అగ్నివీర్‌వాయుగా తీసుకుంటున్నారు. నాలుగేళ్లు, అందులో 25 శాతం వరకు తర్వాత రెగ్యులర్‌గా ఉంచుతారు. అంటే మిగతావాళ్లు బయటికి రావాలి, అది ఆలోచించుకునే వెళ్లండి. మాకున్న భరోసా మీకు లేదు, ఆ మాట దాచడం నాకిష్టం లేదు. బీటెక్ చేసినవాళ్లు ఎఎఫ్‌క్యాట్ రాసి టెక్నికల్ బ్రాంచ్‌లో ఆఫీసర్లుగా వెళ్లొచ్చు. అమ్మాయిలు కూడా.

కిందటేడు సెప్టెంబర్, 2025 సెప్టెంబర్ 26. చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు. 1963లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది కూడా అక్కడే. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూస్తున్నాను, పక్కన మా ఆవిడ, ఒళ్లో మనవడు. ఎయిర్ చీఫ్ స్వయంగా నడిపారు. దిగాక విమానాల మీద రెండువైపుల నుంచి నీళ్లు చిమ్మారు. తర్వాత ఆయన రక్షణ మంత్రి చేతికి ఒక పుస్తకం అందించారు.

"ఏమిటది, పుస్తకం ఇస్తున్నారు?" అంది మా ఆవిడ.

ఫారం 700.

నేను చెప్పేలోపే మనవడు స్క్రీన్ మీద వేలు పెట్టి, "తాతా, ఇందులో నీ విమానం ఏది?" అన్నాడు. అన్నీ అన్నాను. వాడు నమ్మలేదు. ఒక్కోదాన్నీ ఆపి ఆపి చూపించమన్నాడు, వీడియో మళ్లీ మొదటికి తిప్పాం.

ఉంటాను. నమస్కారం.